పెరటి పనస.. పట్టె మంచం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి. తెల్లారి చూస్తే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉద్దానంలా లేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు.. ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరం జిల్లానూ ఊపేసింది. దానికి సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం పక్కకే వచ్చింది. ఉత్తరాంధ్రలో దసరా రోజులంటే చెట్లు పడే రోజులు కూడా.

పడిన చెట్టు ఏమవుతోంది? పరిహారం లెక్కలకు చెట్టుకింత అని రాసుకుంటారు. రైతుకి అప్పుడు కావలసింది నేల ఖాళీ కావడం, మళ్లీ మొక్క వేసుకోవడం. తాత నాటిన పనస మాను ముక్కలై ట్రాక్టరు ఎక్కుతుంది. వంటచెరకు ధరకో, ఇటుక బట్టీ ధరకో పోతుంది. ఆ ఇంట్లోనే రెండేళ్లకి పెళ్లి వస్తే వాయిదాల మీద మంచం కొంటారు. అది రంపపు పొట్టుని జిగురుతో అదిమి, పైన టేకు బొమ్మ ఉన్న కాగితం అంటించిన పలకల మంచం. నాలుగు వానాకాలాలు చూసేసరికి అంచులు ఉబ్బుతాయి, మర ఊడిన చోట మళ్లీ మర పట్టదు.

ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. సొంత మానుని కోయించి, ఎండబెట్టి, మంచమో బల్లో చేయించుకోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలకి కొత్త కాదు. పాత ఇళ్లలో ద్వారబంధాలు, భోషాణాలు, ఉయ్యాల బల్లలు అలా వచ్చినవే. చేసే చేతులు ఇంకా ఉన్నాయి, చెట్లూ ఉన్నాయి. మధ్యలో కర్రని ఎండనిచ్చే ఏడాది ఒకటి ఉండేది, దాన్ని మనం వదిలేసుకున్నాం.

వీణకు పనికొచ్చే కర్ర

పనస కర్ర విలువ ఏమిటో బొబ్బిలి వెళ్తే తెలుస్తుంది. పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశాల వారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకే మానులోంచి కుండనీ దండినీ తొలిచి తీసే ఏకాండీ వీణ వాళ్ల ప్రత్యేకత. దానికి వాడేది పనసే. తేలిగ్గా ఉంటుంది, పలచగా తొలిచినా పగలదు, నాదం పలుకుతుంది, చేవ బాగా పట్టిన కర్రని చెద అంత తేలిగ్గా ముట్టుకోదు. మృదంగానికీ ఇదే కర్ర. ఇన్ని గుణాలున్న మానుని మనం బట్టీలో పెడుతున్నాం.

కోసిన రోజున పనస పలక పసుపుపచ్చగా మెరుస్తుంది. వెలుతురు తగిలేకొద్దీ తేనె రంగుకి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. ఆ పసుపు రంగుని మరిగించి తీసి, ఆగ్నేయాసియాలో బౌద్ధ భిక్షువుల చీవరాలకి అద్దేవారు. కాబట్టి పనసకి రంగు వేయించాలన్న ఆలోచనే వద్దు.

మిగతా చెట్ల సంగతి చూస్తే, వేప పెట్టెలకీ అలమరలకీ మంచిది. మామిడి మెత్తగా పని ఇస్తుంది కానీ పుప్పి పడుతుంది. కోసిన వెంటనే, పచ్చిగా ఉండగానే, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టిస్తే మందు లోపలికి ఇంకుతుంది. ఎండాక పూస్తే పైపైనే ఉండిపోతుంది. రోడ్ల పక్కన పడే నిద్రగన్నేరు వెడల్పాటి బల్లలకి బాగుంటుంది. సాలూరు, పాలకొండ వైపు కొండల్లో పెరిగే గుగ్గిలం గట్టి కర్ర, గుమ్మాలకీ దూలాలకీ సరి. అయితే అది అడవి చెట్టు, దాని జోలికి పోవద్దు.

కొబ్బరి గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. కొబ్బరి మొద్దులో పైఅంచు గట్టిగా, నడిబొడ్డు దూదిలా ఉంటుంది. మామూలు చెట్టులో చేవ లోపల ఉంటే దీనిలో బయట ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో ముసలి కొబ్బరి చెట్లని పలకలుగా కోసి ఇళ్లకీ సామానుకీ వాడడం పెద్ద పరిశ్రమే. మన దగ్గర పడిన కొబ్బరి తోటలోనే కుళ్లుతుంది. ఆ కుళ్లులోనే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, అక్కడి నుంచి లేచి బతికిన చెట్ల మొవ్వుల్ని తొలుస్తుంది. పడిన మొద్దుని వాడుకోకపోవడం నిలబడిన చెట్టుకి కూడా ముప్పే.

చెరువులో దాచిన దుంగలు

తుపాను పోయిన వారంలో అందరికీ మిల్లు కావాలి, ఎవరికీ దొరకదు. కరెంటు ఉండదు, రోడ్లు ఉండవు. ఈలోగా దుంగకి పురుగు పడుతుంది, నల్లమచ్చ పడుతుంది, మొదళ్లు బీటలు తీస్తాయి. అందుకే తెగనమ్మేస్తారు. దీనికి విరుగుడు నీళ్లే. పూర్తిగా తడిసి ఉన్న కర్రలో గాలి ఉండదు, గాలి లేకపోతే బూజూ బతకదు, పురుగూ తొలవదు.

1938లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల మీద పెనుతుపాను విరుచుకుపడినప్పుడు అక్కడి ప్రభుత్వం రైతుల దగ్గర దుంగలు కొని చెరువుల్లో వేయించింది. 2005 జనవరిలో గుడ్రున్ అనే తుపాను స్వీడన్‌లో దాదాపు ఏడున్నర కోట్ల ఘనమీటర్ల కలపను పడగొట్టింది. అక్కడ పాత విమానాశ్రయాల లాంటి ఖాళీ చోట్ల దుంగల్ని కొండలుగా పేర్చి, పైనుంచి నీళ్లు చిమ్ముతూ నిల్వ చేశారు. మనవాళ్లు తాటి దూలాన్ని, వెదురుని, మామిడి మొద్దుని చెరువులో నానేసి తీసినప్పుడు చేసింది కూడా ఇదే. ఉద్దానంలో చెరువులకి కరువు లేదు. దుంగ తేలుతుంది గనక బరువు పెట్టి ముంచాలి, లేదా పైకి కనిపించే వైపుని తిప్పుతూ తడపాలి. వాన తగ్గాక, మిల్లులో రద్దీ తగ్గాక, నింపాదిగా కోయించుకోవచ్చు.

తుపాను సాయం జాబితాలో టార్పాలిన్లు, బియ్యం, పరిహారం ఉంటాయి. తోట దగ్గరికే వచ్చి దుంగల్ని కోసిపెట్టే చక్రాల బండి రంపం కూడా ఉండాలని నా గట్టి కోరిక. ట్రాక్టరు వెనక కట్టి లాక్కెళ్లే బ్యాండ్ రంపాలు ఇతర దేశాల్లో దశాబ్దాలుగా తిరుగుతున్నాయి.

కాగితాల సంగతి కూడా ముందే చూసుకోవాలి. సొంత పెరట్లో చెట్టైనా నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, దుంగని రోడ్డు ఎక్కించాలంటే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు ఉన్నాయి. కొన్ని జాతులకి మినహాయింపు ఉంది, టేకుకి లేదు. పడిన చెట్టుని పడినట్టే ఫొటో తీసి, గ్రామ సచివాలయంలోనూ అటవీ రేంజి కార్యాలయంలోనూ చెప్పి, కాగితం చేతికి వచ్చాకే బండి కదిలించాలి.

కోత

మిల్లులు రాకముందు దుంగని ఎత్తైన దన్ను మీదికి ఎక్కించి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగేవారు. బొగ్గుమసి పట్టించిన నూలుతాడు బిగలాగి కొడితే దుంగ మీద నల్లగీత పడేది. రంపం ఆ గీత మీదే నడవాలి. ఇప్పుడు ఆ పని మిల్లులో నిమిషాల్లో అయిపోతుంది. కానీ పెరటి చెట్టు అంటే మిల్లువాళ్లకి భయం. ఎప్పుడో బట్టల తాడు కోసం కొట్టిన మేకు, కంచె తీగ, చెట్టు పెరిగేకొద్దీ లోపల దాక్కుంటాయి. ఒక్క మేకు తగిలితే బ్లేడు పోతుంది. బెరడు చెక్కించి, నల్లమరక కనిపించిన చోటల్లా అయస్కాంతం పెట్టి చూసి, మేకులు పీకి తీసుకెళ్తే మిల్లులో మీ మాట చెల్లుతుంది.

లెక్క కూడా తెలిసి ఉండాలి. దుంగ చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చిన సంఖ్యని దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేస్తే ఘనపుటడుగులు. నాలుగడుగుల చుట్టుకొలత, ఆరడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కన 6 ఘనపుటడుగులు. దాని అసలు పరిమాణం 7.6 దాకా ఉంటుంది. ఆ తేడా బెరడుకీ, అంచు చెక్కలకీ, పొట్టుకీ ముందే వదిలేసిన వాటా. ఒంటి మంచానికి కోళ్లు, పట్టెలు, తలవైపు చెక్క, అడ్డబద్దలు అన్నీ కలిపి రెండు ఘనపుటడుగుల చుట్టుపక్కల సరిపోతుంది. ఒక మోస్తరు పనస దుంగ మంచం ఇచ్చి, రెండు పీటలు మిగులుస్తుంది.

తోటలోనే చైన్ రంపంతో కోయించుకునేవాళ్లూ ఉన్నారు. రవాణా తప్పుతుంది. కానీ బ్యాండ్ రంపం ఒక్కో కోతకి రెండు మూడు మిల్లీమీటర్ల కర్రని తింటే చైన్ రంపం ఎనిమిది తొమ్మిది తింటుంది. పది కోతలయ్యేసరికి మూడంగుళాల మందం పొట్టయిపోతుంది. దుంగ లావుగా ఉంటే దాన్ని తోటలో రెండు చెక్కలుగా చీల్పించి, మిగతా కోత మిల్లులో చేయించడం మంచిది.

మిల్లులో అడగవలసింది ముఖ్యంగా ఒక్కటే. దుంగ నడిబొడ్డు ఏ పలకలోనూ మధ్యన ఉండకూడదు. ఆ బొడ్డున్న పలక ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినా చీలుతుంది. అంగుళం పలక కావాలంటే అంగుళం పావు మందం కోయించాలి, ఎండాక, చిత్రిక పట్టాక అంగుళం మిగులుతుంది. గాలికి వంగి పడిన చెట్టులో, వంపు లోపలివైపు, పీచు నలిగి అడ్డంగా సన్నటి ముడతలు పడి ఉండొచ్చు. పైకి కనపడవు. చిత్రిక పట్టినప్పుడు కనిపిస్తే ఆ ముక్కని మంచం పట్టెకి వాడకుండా పెట్టె మూతకో, అర చెక్కకో వాడుకోవాలి.

ఎండే ఏడాది

పచ్చి కర్ర ఎండుతుంటే అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. చెట్టు ఏటేటా వేసుకున్న వలయాల వెంబడి కుంచించేది, వలయాలకి అడ్డంగా కుంచించేదానికి దాదాపు రెట్టింపు. పలక గిన్నెలా వంగడానికీ, తలుపు వాలడానికీ మూలం ఇక్కడుంది. వడ్రంగి చేతివాటం ఎంత గొప్పదైనా పచ్చి కర్రతో చేసిన పని నిలవదు.

పలకలు కోసిన రోజునే వాటి కొసలకి పాత పెయింటో, కరిగించిన మైనమో పూయాలి. పూర్వం పేడ మెత్తేవారు. కొసల నుంచి నీరు త్వరగా పోతుంది, నడుము నుంచి మెల్లగా పోతుంది. ఆ తేడాకే బీటలు. నేలకి అడుగు ఎత్తున ఇటుకలో, పాత దూలాలో సమంగా పేర్చి, వాటి మీద పలకలు పరవాలి. వరసకీ వరసకీ మధ్య అంగుళం మందం బద్దలు, అడుగున్నర రెండడుగుల దూరంలో పెట్టాలి. ఒక వరస బద్ద కింద రెండో వరస బద్ద సరిగ్గా వచ్చి తీరాలి. కాస్త పక్కకి జరిగితే ఏడాది తర్వాత ఆ వంపు పలకలో అలాగే ఉండిపోతుంది. దొంతి పైన నాలుగు బండరాళ్లు. పైకప్పుగా రేకు చాలు, నాలుగు వైపులా గాలి ఆడాలి. టార్పాలిన్‌తో మూట కట్టేస్తే లోపల బూజు పడుతుంది. ఎండలో పెడితే త్వరగా ఎండుతుందనుకోవడం కూడా పొరపాటే, పై పొర బిగుసుకుపోయి లోపల చీలుతుంది. పశువుల పాక పక్కన నీడ చోటు ఇలాంటి దొంతికి తగినది.

ఎంతకాలం? అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. మామిడి లాంటి మెత్తటి కర్రకి అంత పట్టదు. ఊహ అక్కర్లేకుండా చూసుకునే దారి ఉంది. దొంతి మధ్యలోంచి చిన్న ముక్క తీసి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచండి. దాన్ని తక్కువ మంట మీద, మాడకుండా, బరువు ఇక తగ్గని దాకా ఎండించి మళ్లీ తూచండి. 620 గ్రాములున్నది 500 అయిందనుకుందాం. పోయిన 120ని మిగిలిన 500తో భాగిస్తే 24 శాతం తేమ. ఇంకా ఆగాలి. మన తీరంలో సామానుకి 12 నుంచి 15 శాతం మధ్యకి రావాలి. అంతకన్నా తక్కువకి గాలే రానివ్వదు.

ఎండిన తర్వాత కూడా కర్ర కదులుతూనే ఉంటుంది. అడుగు వెడల్పు పలక శ్రావణంలో రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగి, మాఘంలో తగ్గుతుంది. అందుకే బల్ల మీది చెక్కని నాలుగు మూలలా మేకులతో బిగించేస్తే ఏదో ఒక రోజు మధ్యలో టప్పున చీలుతుంది. అడుగున మర పట్టే రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా పొడుగ్గా తొలిస్తే పలకకి జరగడానికి చోటు దొరుకుతుంది.

బీట పడిన పలకని పారేయక్కర్లేదు. 1930లలో పాండిచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ అనే భవనం కట్టించడానికి వచ్చి అక్కడే సాధకుడిగా ఉండిపోయిన జపాన్ సంతతి అమెరికన్ జార్జ్ నకషిమా, తర్వాత అమెరికా వెళ్లి ప్రపంచం మెచ్చిన బల్లలు చేశాడు. బెరడు అంచుని అలాగే ఉంచేవాడు. బీట వచ్చిన చోట సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో గట్టి కర్ర బిళ్ల చెక్కి అడ్డంగా పొదిగేవాడు. బీట ఆగిపోతుంది, కంటికీ ఇంపుగా ఉంటుంది. మన వడ్రంగులు ఒక ఉలితో ఆ పని చేయగలరు.

కుసి, బెజ్జం

పాత పట్టె మంచాన్ని ఒకసారి తిరగేసి చూడండి. కోడుకి బెజ్జం, పట్టె కొసకి కుసి. కుసి బెజ్జంలోకి దిగి, పక్క నుంచి కొట్టిన చెక్క మేకుతో బిగుసుకుంటుంది. ఇనుము లేదు, జిగురు లేదు. మేకు కొట్టి తీస్తే మంచం నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలుగా విడిపోయి ఎడ్ల బండి మీద అత్తారింటికి వెళ్లేది. వానాకాలం కుసి ఉబ్బితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వడ్రంగులు ఒక కిటుకు పాటిస్తారు. చెక్క మేకుకి దొరికినంతలో బాగా ఎండిన కర్రని వాడతారు. బిగించాక అది గాలిలో తేమ పీల్చి లావెక్కుతుంది, ఇక కదలదు.

మెరుగు

చిత్రిక పట్టాక అందరూ ఉప్పు కాయితం అందుకుంటారు. దానికి ముందు గాజు పెంకు గీకుడు ఒకటి ఉంది. పగిలిన సీసా ముక్కని రెండు చేతుల్తో పట్టుకుని కాస్త వాల్చి లాగితే ఉల్లిపొర లాంటి చెక్క పొర లేచి వస్తుంది. ముళ్లున్న చోట, పీచు ఎదురు తిరిగిన చోట చిత్రిక కన్నా ఇదే నయం. చేతికి గుడ్డ చుట్టుకుని చేయాలి. తర్వాత 80, 120, 180, 220 నంబర్ల కాయితాలు వరసగా, పీచు వెంబడి. చివరి కాయితానికి ముందు తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వాలి. లేచిన నూగు ఆఖరి రుద్దుడుకి పోతుంది, మళ్లీ లేవదు.

లక్క పాలిష్‌కి రేకుల లక్కని స్పిరిట్‌లో ఒక రాత్రి నానబెట్టాలి, లీటరుకి పావుకిలో లోపు. దూదిని పాత బనీను గుడ్డలో చుట్టి, ముంచి, పిండి, ఆపకుండా పలచగా రుద్దుకుంటూ పోవాలి. ఒక్కసారి మందంగా పూసినదానికీ, పలచగా పదిసార్లు రుద్దినదానికీ పోలికే లేదు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు వేస్తే లక్క తెల్లగా మసకబారుతుంది. అందుకే మన వైపు సంక్రాంతి దాటాకే పాలిష్ పెట్టుకోవాలి. లక్కతో ఎంత అందం తీయవచ్చో పక్క జిల్లా ఏటికొప్పాకలో చూడొచ్చు. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ రంగు లక్కని అద్ది, మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. అక్కడ ఆకులూ గింజలూ బెరళ్ల నుంచి తీసే రంగులకి మళ్లీ ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

భోజనాల బల్లకి లక్క వద్దు, వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది. అవిసె నూనె నయం. పూసి, అరగంట ఆగి, మిగిలినదంతా తుడిచేయాలి. తుడిచిన గుడ్డల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. వాటిని ఉండ చుట్టి మూలన పడేస్తే లోపల వేడి పుట్టి, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

ఇక మన సొంత సరుకు ఒకటి ఉంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్క కొట్టిన చోటల్లా తొక్క గుట్టలు పడి ఉంటాయి. ఆ తొక్కలోని నల్లటి నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూస్తే చాలు. అదే ఘాటు చెదనీ, పురుగునీ, నీటినీ ఆపుతుంది. పడవలకీ, కంచె గుంజలకీ పూసే అలవాటు జీడి పండే తీరాల్లో పాతదే. జపాన్ వాళ్లు ప్రాణంగా చూసుకునే లక్కర చెట్టు కూడా జీడి కుటుంబానిదే. ఆ లక్కర ఖరీదు భరించలేని పనులకి వాళ్లు జీడి తొక్క నూనెతో చేసిన రంగునే వాడుతున్నారు, పేరు కూడా కాషూ పెయింటే. మన దగ్గర తొక్క పొయ్యిలోకీ, నూనె మిల్లుకీ పోతుంది. పచ్చి నూనెని ఇంట్లో వాడే సామాను పైభాగానికి పూయకూడదు. తొడుగులు వేసుకుని, మంచం కోళ్ల అడుగుకి, నేల తగిలే చోటుకి, అరుగు మీది బల్ల కింది వైపుకి పూసి, వారాల తరబడి బాగా ఆరనిస్తే చెద దరి చేరదు. పలాసలో పుట్టే నూనెతో, ఉద్దానం పనసకి, ఇంట్లో కూడా వాడదగిన మంచి పాలిష్ తయారు చేసే పని ఎవరైనా తలకెత్తుకోవాలి.

మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఒక్కటే. మిల్లుకి వెళ్లే ముందే వడ్రంగిని వెతకండి. ఇప్పుడు చాలామంది చేతిలో ప్లైవుడ్ పనే ఉంది. కుసి కొట్టడం బాగా వచ్చినవాళ్లు ఎక్కువగా అరవై దాటినవాళ్లే. ఊళ్లో అడిగితే పేరు చెబుతారు. దుంగ దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లి, ఏ ముక్కలోంచి కోళ్లు వస్తాయో, ఏ ముక్కలోంచి పట్టెలు వస్తాయో సుద్దతో గీయించుకోండి, కోత ఆ గీతల ప్రకారమే జరగాలి. పలకలు ఎండుతున్న ఏడాదిలో ఆయన దగ్గర ఒక కుర్రాడు కూడా కూర్చుంటే ఇంకా మంచిది, అంచు చెక్కల మీద బెజ్జం కొట్టడం నేర్చుకుంటాడు.